తాడు చివరి పిల్ల

శ్వేజ్యా,
సెప్టెంబర్ 14

తైపేలో ఉన్న అత్తకి,

నేను పిన్‌యెన్‌ని, మీ అన్నయ్య కూతుర్ని. నీకున్నది ఒక్క అన్నయ్య, ఆయనకున్నది ఒక్క కూతురు. అయినా ఉత్తరంలో ముందు మనమెవరో చెప్పుకోవాలని మా టీచర్ అంది.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేంటి అనుకుంటున్నావు కదూ? మనింట్లో ఫోను సంగతి నీకు తెలియనిదా! నాయనమ్మకి చెవి సరిగ్గా వినపడదు, స్పీకర్లో పెట్టిస్తుంది. నీకు గుట్టుగా ఒక మాట చెప్తే అది పక్కవీధిలో చేపలు తోమేవాళ్ళ దాకా పోతుంది. ఉత్తరమైతే భద్రం. నాయనమ్మ కళ్ళజోడు ఎప్పుడూ కనపడదు.

విషయానికొస్తాను. బళ్ళో ఆరోగ్య పరీక్ష చేశారు. నా బరువు అరవై మూడు కిలోలు. నర్సమ్మ ఆ అంకెని ఏలంపాట పాడినట్టు గట్టిగా చదివింది. వెనకనించి ఒకడు, "మీ నాన్న చేపల లారీ ఎంత బరువు మోస్తుందే?" అన్నాడు. "నిన్ను కూడా మోస్తుంది, ఐసుముక్కల్లో పెట్టి" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

తరవాత నర్సమ్మ నా జుట్టెత్తి మెడ వెనక చూసింది. నవ్వలేదు. అక్కడ నల్లగా, మందంగా ఒక పట్టీలా ఉంటుంది. రెండేళ్ళ నించీ ఉంది. ప్రతి ఆదివారం నాయనమ్మ బీరపీచు పెట్టి తోముతుంది. "ఏ బురదలో దొర్లావే! గేదెకి కూడా ఇంత మట్టి పట్టదు కదే!" అంటుంది. ఎర్రబడేదాకా తోముతుంది. ఎర్రబడుతుంది గానీ పోదు.

అది మట్టి కాదట. ఆస్పత్రిలో డాక్టర్ వెన్ నెత్తురు తీయించి, "ఇన్సులిన్ చాలా ఎక్కువుంది, చక్కెర అంచు మీదుంది. ఇలాగే వదిలేస్తే ఈ పిల్ల హైస్కూలు గడప తొక్కకముందే చక్కెర జబ్బు వస్తుంది" అన్నాడు. అమ్మ బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాన్న రోజూ సాయంత్రం నాకు తెచ్చే సగ్గుబియ్యం గోళీల పాల టీ తేవడం మానేశాడు. నాయనమ్మ ఒక్కతే మాట్లాడింది: "ఆ డాక్టరుకి ఎముకల మీద చారెడు కండ లేదు. వాడా నా మనవరాలికి తిండి సంగతి చెప్పేది!"

తాతయ్యకి చక్కెర జబ్బుతో కాలివేళ్ళు తీసేశారని నాకు తెలుసు. నాకు భయంగా ఉంది అత్తా. ఇంట్లో మాత్రం నవ్వుతున్నాను.

నువ్వు లావుగా ఉండే పిల్లల కండల మీదే పరిశోధన చేస్తావట కదా. నాకు ఒక్కటి చెప్పు. ఇన్సులిన్ మంచిదే అయితే, ఎక్కువ ఉంటే ఇంకా మంచిదవ్వాలి కదా? మార్కుల్లాగా?

నీ మేనకోడలు,
పిన్‌యెన్


తైపే,
సెప్టెంబర్ 25

పిన్‌యెన్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఐసుముక్కల జవాబు నాలుగోసారి కూడా చదివాను.

ముందు ముఖ్యమైన సంగతి. ఆ మెడ తోమడం ఆపించు. అది మురికి కాదు, లోపల జరుగుతున్నది పైకి కనపడడం. పాపం, బీరపీచు ఏం చేస్తుంది?

ఇక నీ ప్రశ్న. మనం తిన్నది చక్కెరయి నెత్తురులో తిరుగుతుంది. కండలోని కణాలు దాన్ని లోపలికి తీసుకుని కాల్చుకోవాలి. ఒక్కో కణంలో వందలకొద్దీ చిన్న చిన్న పొయ్యిలుంటాయి, వాటిని మైటోకాండ్రియా అంటారు. నువ్వు మెట్లెక్కినా, నవ్వినా, నిద్రపోయినా ఆ పొయ్యిల వేడే. "చక్కెర వచ్చింది, తలుపు తియ్యి" అని కణం తలుపు తట్టేది ఇన్సులిన్. పొయ్యిలు సరిగ్గా మండక, కండలో కొవ్వు పేరుకుపోయి ఉంటే, కణం తలుపు తియ్యదు. అప్పుడు ఒంట్లో ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారై ఇంకా గట్టిగా తడుతుంది. నీ నెత్తురులో ఎక్కువగా ఉన్నది ఆ తట్టుడే. మార్కుల్లాంటిది కాదు, ఒకే మాటని పదిసార్లు అరిచి చెప్పాల్సి రావడం లాంటిది. నాయనమ్మతో మాట్లాడేటప్పుడు నీకు ఆ కష్టం తెలుసుగా.

పొయ్యిలు చెడడం ముందా, కొవ్వు చేరడం ముందా అని మేం ఇప్పటికీ దెబ్బలాడుకుంటూనే ఉన్నాం. కానీ ఒక విషయంలో మాకెవరికీ తగువు లేదు. కండ గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ తట్టకపోయినా తలుపు తనంతట తానే తీస్తుంది. వారాల తరబడి పనిచేయిస్తే కొత్త పొయ్యిలు పుడతాయి. పన్నెండేళ్ళ వయసులో ఇది చాలావరకు వెనక్కి తిప్పుకోగలిగిన సంగతే.

కాబట్టి భయపడకు. తీపి టీ మానెయ్యి, అది మీ నాన్న ఎలాగూ మాన్పించాడు. ఒళ్ళు అలిసే పని ఏదైనా నీకు ఇష్టమైంది వెతుక్కో. అన్నం మాత్రం మానకు. కడుపు మాడ్చుకోవడం మందు కాదు.

ఇంకొక మాట. ఇది నీ తప్పు కాదు. ఎవరైనా నీ తప్పంటే వాళ్ళని నా దగ్గరికి పంపు.

అత్త
షూజ్వాన్


శ్వేజ్యా,
అక్టోబర్ 20

అత్తకి,

దొరికింది! ఒళ్ళు అలిసే పని దొరికింది! చేతులు బొబ్బలెక్కి పెన్ను పట్టుకోలేకపోతున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

మా బళ్ళో తాడులాగుడు జట్టు కడుతున్నారు, ఆడపిల్లలది. గావ్ టీచర్ వచ్చి తరగతిలో వరసగా అందర్నీ చూసుకుంటూ నా దగ్గర ఆగింది. నన్ను కిందనించి పైదాకా చూసి సంతోషించిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే?" అంది.

"చివరి బెంచీలోనే టీచర్."

"ఇకనించి చివరి మనిషివి కూడా నువ్వే."

తాడు చివర ఉండే మనిషే జట్టుకి గుంజ. తాడు చంక కిందనించి వీపు మీదుగా తిప్పి భుజం మీదనించి దింపుకోవాలి. మడమలు నేలకి తన్నిపెట్టి ఆకాశం చూస్తూ వెనక్కి వాలిపోవాలి. తాడు కదలకూడదు, మనమూ కదలకూడదు. బయటనించి చూసేవాళ్ళకి పడుకున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం తొడలు కాలిపోతుంటాయి. "కణాలు తలుపులు తీస్తున్నాయి, తలుపులు తీస్తున్నాయి" అనుకుంటూ లాగుతాను. ముందర నిలబడే ఇశ్వెన్ సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది గానీ దాని పట్టు పీత పట్టు. రోజూ పొద్దున్నే ఏడింటికి సాధన. తిరిగి వచ్చేసరికి నాకు ఆకలి ఎలా వేస్తుందంటే, పాలబొంత చేప గంజి గిన్నె నాకే భయపడాలి.

ఇంట్లో మాత్రం యుద్ధం. అమ్మ పంచదార డబ్బా దాస్తుంది, నాయనమ్మ బియ్యం డబ్బాలోంచి తవ్వి తీస్తుంది. అమ్మ కూరల్లో చక్కెర తగ్గిస్తుంది, అమ్మ వెనక్కి తిరగ్గానే నాయనమ్మ గరిటెడు పంది కొవ్వు పోస్తుంది. నిన్న నేను బెల్లం పాకం లేకుండా సోయా జున్ను తింటానన్నాను. నాయనమ్మ గరిటె కింద పెట్టేసింది.

"నలభై ఏళ్ళనించి బజార్లో ఈ జున్నే అమ్ముతున్నా. ఒక్కడొచ్చి 'ముసలీ, నీ జున్నులో విషముంది' అనలేదు. నా ఇంట్లో పుట్టిన పిల్ల అంటోంది!"

"విషమనలేదు నాయనమ్మా. పాకం వద్దన్నాను."

"పాకం లేని జున్నంటే మొగుడు లేని పెళ్ళే!"

నాన్న చేపల బుట్ట నెత్తికెత్తుకుని బయటికి పారిపోయాడు, నవ్వాపుకోలేక.

మెడ తోమడం మాత్రం ఆపింది. నువ్వు చెప్పావంటే వెంటనే బీరపీచు గోడకి తగిలించేసింది. నీ పేరెత్తితే నాయనమ్మ ఎందుకలా మెత్తబడుతుందో నాకు అర్థం కాదు.

నీ,
పిన్‌యెన్


తైపే,
నవంబర్ 6

పిన్‌యెన్‌కి,

తాడులాగుడు! మా ప్రయోగశాలలో అందరికీ చెప్పాను. మా ప్రొఫెసర్ గారు యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కాఫీ గదిలో నడుం కింద కుర్చీ లేకుండా కూర్చున్నట్టు నిలబడి "ఇలాగేనా?" అని అడిగారు. అరనిమిషం ఉన్నారు. తరవాత ఇద్దరం పట్టుకుని లేపాం.

బొబ్బలకి నూనె రాయకు, చేతులు జారతాయి. సాధన తరవాత కడుపునిండా తిను, చేప, గుడ్డు, కూరలు, అన్నం. అమ్మతో, అంటే నాయనమ్మతో, పోట్లాడకు. అల్లం ఎక్కువేసి పాకం సగం చేస్తే ఎలా ఉంటుందో అడుగు. ఆవిడకి చెయ్యొద్దంటే కోపం, ఎలా చెయ్యాలో అడిగితే సరదా.

డబ్బాలో ఒక జత మేజోళ్ళు పంపిస్తున్నాను. మడమ దగ్గర మందంగా ఉంటాయి.

అత్త


శ్వేజ్యా,
డిసెంబర్ 18

అత్తకి,

మేజోళ్ళు చాలా బాగున్నాయి. అంతా బాగానే జరుగుతోంది. నా బరువు మూడు వారాల్లో నాలుగు కిలోలు తగ్గింది. అందరూ మెచ్చుకుంటున్నారు. నాయనమ్మ కూడా ఈ మధ్య ఏమీ అనడం లేదు, ఎందుకంటే నా గిన్నె ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. పెరటి బాతులు మాత్రం బాగా బలిశాయి, నడవలేకపోతున్నాయి.

పోటీ మార్చిలో. చలిగా ఉంటోంది. ఇక్కడ అంత చలి లేదంటున్నారు గానీ నాకు ఉంటోంది.

ఇప్పటికి ఇంతే. కొంచెం అలసటగా ఉంది.

పిన్‌యెన్


తైపే,
డిసెంబర్ 21

పిన్‌యెన్,

నీ ఉత్తరం ఇందాకే అందింది, వెంటనే రాస్తున్నాను. రాత్రికి మీ నాన్నకి ఫోను కూడా చేస్తాను. చాడీ చెప్పిందనుకో, తిట్టుకో, పరవాలేదు.

నువ్వు బాతులకి అన్నం పెడుతున్నావు. నాకెలా తెలిసిందో చెప్తాను. నేను చేపలకి పెట్టాను.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. పదిహేనేళ్ళప్పుడు నేను నీకంటే లావు. బళ్ళో నా పేరు కుండ. "కుండ వచ్చింది, నీళ్ళు పట్టుకోండి" అనేవాళ్ళు. నీలాగా నాకు జవాబు తోచేది కాదు. అందుకని తిండి మానేశాను. అమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా బడికెళ్ళే దారిలో చేపల చెరువులో బోర్లించేదాన్ని. ఇంట్లో తిన్నట్టు నటించి జేబురుమాల్లో మూటగట్టి పెరట్లోకి తీసుకెళ్ళేదాన్ని. అయిదు నెలల్లో పందొమ్మిది కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకున్నారు. జుట్టు ఊడింది. వేసవిలో కూడా చలి. ఒక రోజు బడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను.

అమ్మ ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చింది, చేతిలో వేడివేడి పందిమాంసం అన్నంతో. డాక్టరు ఈ పిల్ల నెలల తరబడి తినలేదన్నాడు. "నా చేతి వంట చేపల పాలు చేశావా! నీకోసం తెల్లారుఝామున లేచి వండింది చెరువులో పోశావా!" అని వార్డంతా వినపడేలా ఏడ్చింది. నాకు సిగ్గు, కోపం. అప్పుడొక మాటన్నాను: "నువ్వే నన్నిలా మేపావు. నాన్నని కూడా ఇలా మేపే చంపుతావు."

మరుసటి ఏడు నాన్న పోయారు.

ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు. ఎలా తీసుకోవాలో తెలియలేదు. తైపేకి చదువుకోడానికి వచ్చేశాను. ఇరవై మూడేళ్ళనించి కొత్త సంవత్సరానికి వస్తాను, పండు ఒకటి తిని, పని ఉందని బస్సెక్కేస్తాను. నేనీ పని ఎందుకు చేస్తున్నానని అందరూ అడుగుతారు. జీతం కోసమని చెప్తాను.

బరువు దిగితే మంచిదే కదా అని నీకనిపించొచ్చు. కడుపు మాడ్చుకుంటే ఒళ్ళు కొవ్వుని మాత్రమే కాదు, కండని కూడా తింటుంది. నువ్వు ఇన్ని పొద్దుల సాధనతో పెంచుకున్న పొయ్యిలు ఆ కండలోనే ఉన్నాయి. వాటిని కూల్చుకుని తూకం తగ్గించుకుంటున్నావు.

ఎవరు ఏమన్నారో నాకు రాయి. ఈ ఉత్తరం నాయనమ్మకి చూపించకు.

అత్త


శ్వేజ్యా,
డిసెంబర్ 29

అత్తకి,

నాన్నకి నువ్వు ఫోను చేసేలోపే నేను పడిపోయాను. సాధనలో, చాప మీద. దెబ్బ తగల్లేదు, నా కింద ఎవరూ లేరు, అదృష్టం. కళ్ళు తెరిచేసరికి ఎనిమిది మొహాలు, మధ్యలో గావ్ టీచర్. "పొద్దున ఏం తిన్నావే?" అంది. అబద్ధం చెబ్దామనుకున్నాను, నాలుక తిరగలేదు.

సంగతేంటంటే, పోటీకి ఎనిమిదిమంది బరువు కలిపి మూడువందల ఎనభై కిలోలు దాటకూడదు. నవంబర్లో తూచుకుంటే మేం మూడువందల ఎనభై ఎనిమిది. అంకె విని ఎవరూ నన్ను చూడలేదు. ఎవరూ చూడకపోతే ఎలా ఉంటుందో తెలుసా అత్తా? అందరూ చూసినదానికంటే ఎక్కువగా ఉంటుంది. ఆ రోజు గేటు దగ్గర ఒక పిల్ల వాళ్ళమ్మ అంటోంది, "ఆ ఒక్కత్తీ తగ్గితే సరిపోతుందిగా" అని. లెక్క సరిగ్గానే ఉంది కదా అనుకున్నాను.

గావ్ టీచర్ అంతా విని ఆ పూట సాధన ఆపించింది. తరవాత ఎనిమిదిమందినీ కూర్చోబెట్టింది. "తూకం కోసం పిల్లల్ని ఎండబెట్టడానికి నేనేమన్నా ఎండుచేపల కొట్టు పెట్టానా? పైన ఇంకో తరగతి ఉంది, నాలుగువందల ఇరవై. అందులో దిగితే మీకంటే ముప్ఫై కిలోల బరువైన వాళ్ళతో లాగాలి. ఓడిపోవచ్చు. ఇందులోనే ఉండాలంటే పిన్‌యెన్ ఉండదు. ఏం చేద్దాం?" అంది.

ఇశ్వెన్ వెంటనే, "చివర పిన్‌యెన్ లేకపోతే నేను ఎగిరిపోతాను టీచర్. నన్ను చూడండి!" అంది. అందరూ చేతులెత్తారు, పైతరగతికి. గేటు దగ్గర మాటన్న ఆవిడ కూతురు అందరికంటే ముందు ఎత్తింది.

ఇంక నేరం ఒప్పుకుంటున్నాను. నీ ఉత్తరం నాయనమ్మకి చూపించొద్దన్నావు. చూపించలేదు. చదివి వినిపించాను.

నేను పడ్డానని తెలిసిన రోజు నాయనమ్మ పెరట్లో బాతుల దగ్గర కూర్చుండిపోయింది. తిట్టలేదు. తిట్టకపోతే నాకు భయమేసింది. "మళ్ళీనా?" అంది. ఒక్క మాటే. "మళ్ళీ" ఏంటో నాకు నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. ఇద్దరికీ తెలిసిన సంగతి మధ్యలో నేనొక్కదాన్నే దాచడమెందుకనిపించింది. కోప్పడు. కానీ ముందు దీంతో పాటు పెట్టిన రెండో కాగితం చదువు. నాయనమ్మ చెప్తుంటే నేను రాశాను.

పిన్‌యెన్


శ్వేజ్యా,
అదే రోజు

జ్వాన్‌కి అమ్మ చెప్పి రాయించేది.

ఈ పిల్ల నేను చెప్పింది చెప్పినట్టు రాస్తోందో లేదో నాకు తెలియదు. (రాస్తున్నాను.) కళ్ళజోడు కనపడటం లేదు. (నెత్తి మీదుంది. చెప్పను.)

నీ ఉత్తరం విన్నాను. ఆస్పత్రిలో నువ్వన్న మాట నాకు గుర్తుందా అంటే, ఉంది. కోపంతో గుర్తుపెట్టుకోలేదు. నిజమేమో అని గుర్తుపెట్టుకున్నా. మీ నాన్న చెరువు దగ్గరనించి వస్తే గిన్నెడు తీపి జున్ను చేతిలో పెట్టేదాన్ని. డాక్టరు వద్దన్న తరవాత కూడా ఆయన అడిగితే కాదనలేకపోయాను. కాలివేళ్ళు తీసేసిన రోజు కూడా అడిగాడు. పెట్టాను. నువ్వు అనకముందే ఆ మాట నేను నాకు చెప్పుకున్నా. నీ నోట విన్నాక ఇంక ఎవర్ని అడగాలి?

నేను చిన్నప్పుడు చిలగడదుంప తురుములో గుప్పెడు బియ్యం కలిపి వండితే అది పండగ. బియ్యం గింజలు ఏరుకుని తమ్ముడికి పెట్టేదాన్ని. పిల్లల గిన్నెలు నింపగలిగిన రోజు వచ్చిందని నేను ఆపలేదు. నాకు చేతనైన ప్రేమ అదొక్కటే. మాటలు నాకు రావు. (వస్తాయి అత్తా. బజార్లో నాయనమ్మ నోటికి పోలీసులే తప్పుకుంటారు.)

ఏమే, ఏం రాస్తున్నావు అంతసేపు?

సరే. పిల్ల మెడ చూసి మట్టి అనుకున్నాను. రెండేళ్ళు తోమాను. తెలియక చేశాను. ఇప్పుడు తెలిసింది. నిన్న నేను కూడా వెళ్ళి నెత్తురు ఇచ్చి వచ్చాను, నా వేలు కూడా పొడిచారు. ఎంతుందో చెప్పను. (నూట అరవై ఎనిమిది, పొద్దున్నే, ఏమీ తినకుండా. డాక్టర్ వెన్ మాత్రలిచ్చాడు. ఆయనకి కండ లేదుగానీ బుర్ర ఉందంటోంది.) పాకంలో సగం బెల్లం తగ్గించి అల్లం దంచి వేశాను. అడిగినవాళ్ళకే తీపి పాకం. మాంసం కొట్టు ముసలాడు గొణిగాడు, తరవాత రెండో గిన్నె అడిగాడు.

నువ్వు ఇంటికొచ్చినప్పుడు నీకేం కావాలో నేనెప్పుడూ అడగలేదు. వండి పెట్టేదాన్ని. ఇప్పుడు అడుగుతున్నా. నీకు ఏం తినాలనుంటుంది? తెలియదు నాకు. ఇన్నేళ్ళయినా నాకు తెలియదు.

అమ్మ

(అత్తా, నాయనమ్మ ఇక్కడ లేచి వెళ్ళిపోయింది. కింద వేలిముద్ర వేస్తానంది. సంతకం చెయ్యడం వచ్చుగా అన్నాను. ఉత్తరం గట్టిగా ఉండాలంది. ఆ ఎర్ర మరక అదే.)


శ్వేజ్యా,
మార్చి 22

అత్తకి,

నీ జవాబు రాలేదు. నెలనెలా పొట్లం వస్తోంది, మేజోళ్ళు, చేతులకి కట్టుకునే పట్టీలు, మొన్న గోధుమ బిస్కట్లు, కానీ లోపల ఉత్తరం లేదు. కొత్త సంవత్సరానికి కూడా ప్రయోగం మధ్యలో ఉందని రాలేదు. నాయనమ్మ పొట్లాల్లో కాగితాలన్నీ విదిలించి చూస్తుంది. నాకు నీ మీద కొంచెం కోపం ఉంది, అయినా పోటీ సంగతి రాయకుండా ఉండలేను.

మొదటి జట్టుని గెలిచాం! రెండు సున్నా! వాళ్ళు మాకంటే పాతిక కిలోలు బరువు. "కాళ్ళు! కాళ్ళు!" అని గావ్ టీచర్ అరుస్తుంటే తాడు మావైపు అంగుళం అంగుళం వచ్చింది. నాకు కనపడింది పైకప్పు మాత్రమే, వెనక్కి వాలి ఉన్నాను కదా. ఇశ్వెన్ వచ్చి నా మీద పడేదాకా గెలిచామని తెలియలేదు.

రెండో జట్టు కొండ ఊరినించి వచ్చింది. అమ్మో! వాళ్ళు తాడు పడితే ఇళ్ళు కదిలేలా ఉన్నారు. మొదటిది ఓడాం. రెండోది గెలిచాం. మూడోది మొదలయ్యాక తాడు అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తొడలు వణుకుతున్నాయి, చెవుల్లో హోరు. ఆ హోరులో ఒక గొంతు: "నిలబడవే నా తల్లీ! కూలబడ్డావంటే ఇంటికి రానివ్వను!" నాయనమ్మ. ఆ రోజు కొట్టు మూసేసి వచ్చింది, నలభై ఏళ్ళలో మొదటిసారి. రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టాం. తరవాత మా మధ్యలో ఒక పిల్ల కాలు జారింది. అందరినీ బొక్కబోర్లా లాక్కుపోయారు.

ఓడిపోయి అందరూ ఏడుస్తున్నారు. నేను కూడా ఏడుద్దామనుకున్నాను గానీ ఊపిరాడటం లేదు. ఆ కొండ ఊరి జట్టులో చివరి పిల్ల నా దగ్గరికి వచ్చింది. నాకంటే లావు. చెయ్యి పట్టుకుని, "నువ్వు బండరాయివే" అంది. అత్తా, నా బరువు గురించి ఎవరెవరో ఏదేదో అన్నారు. ఈ మాట మాత్రం ఇంటిదాకా మోసుకొచ్చాను.

ఇంక పరీక్ష. నిన్న డాక్టర్ వెన్ దగ్గరికి వెళ్ళాం, నాయనమ్మ కూడా. నా బరువు అరవై రెండు కిలోల రెండువందలు. అంటే ఆరు నెలల్లో ఎనిమిది వందల గ్రాములు.

నాయనమ్మ కుర్చీలోంచి లేచింది. "ఇంత చేస్తే ఎనిమిది వందల గ్రాములా? నా కోడి కూడా అంతకంటే బరువు గుడ్లు పెడుతుంది ఆరు నెలల్లో!"

డాక్టర్ వెన్ నవ్వాడు. "పిల్ల మూడు సెంటీమీటర్లు పెరిగిందమ్మా. కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. ఇక్కడ చూడండి. ఇన్సులిన్ సగానికి సగం పడిపోయింది. చక్కెర మామూలుగా ఉంది. నేను చూసేది తూకాన్ని కాదు, దీన్ని" అని కాగితం తిప్పి చూపించాడు. మెడ కూడా చూశాడు, రంగు పలచబడుతోందట, నిదానంగా పోతుందట. ఇంక మూడు నెలలకోసారి వస్తే చాలన్నాడు. అయిపోలేదని కూడా అన్నాడు. సాధన ఆపకూడదు.

నాయనమ్మ ఆ కాగితం అడిగి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుంది (దొరికింది!). అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా బస్సులో దారంతా చదివింది. దిగేముందు, "ఇది జ్వాన్‌కి పంపు. అది చదివితే సంతోషిస్తుంది" అంది. ఇదిగో, పంపిస్తున్నాను.

వచ్చే ఏడు నేను వెళ్ళే బళ్ళో తాడు జట్టు లేదట. ఇశ్వెన్, నేను కలిసి కడదామనుకుంటున్నాం. ఇప్పటికి అయిదుగురున్నాం.

పిన్‌యెన్


తైపే,
మార్చి 27

అమ్మా,

ఈ ఉత్తరం నీకు. పిన్‌యెన్ చేత చదివించుకో, పరవాలేదు, అది ఎలాగూ చదువుతుంది.

నీకు జవాబు రాయడానికి మూడు నెలలు పట్టింది. చాలా కాగితాలు పాడుచేశాను. పిల్ల పరీక్ష కాగితం నిన్న అందింది. నా పని గదిలో గోడకి అంటించాను. నేను ఇన్నేళ్ళుగా ఎంతోమంది పిల్లల కాగితాలు చూశాను, దీన్ని చూసి కూర్చుని ఏడ్చాను. నా పక్కన కూర్చునే అమ్మాయి ఏదో చెడ్డవార్తనుకుని వేడినీళ్ళు తెచ్చిచ్చింది.

నాన్న గురించి నేనన్న మాట నిజం కాదమ్మా. ఇది నిన్ను ఓదార్చడానికి చెప్పడం లేదు, నేను చదువుకున్న చదువంతా పెట్టి చెప్తున్నాను. నాన్న జబ్బు నువ్వు పెట్టిన గిన్నెలోంచి రాలేదు. వాళ్ళమ్మకి ఉంది, వాళ్ళ అన్నకి ఉంది. ఆయనకి అది బయటపడేసరికే ఆలస్యమైంది. ఆ రోజుల్లో మన ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు. నీకు తెలిసినదాంట్లో నువ్వు ఆయన్ని బాగా చూసుకున్నావు. పదిహేనేళ్ళ పిల్ల కోపంలో అన్న మాటని నువ్వు ఇరవై ఆరేళ్ళు మోశావు. నేను అప్పుడే వచ్చి దించాల్సింది. నన్ను క్షమించు.

సమాధుల పండక్కి వస్తున్నాను. శుక్రవారం మధ్యాహ్నం బస్సు. నాన్న సమాధి శుభ్రం చేసేటప్పుడు నేనూ ఉంటాను. ఈసారి తిరుగు టికెట్ ఆదివారం రాత్రికి తీసుకున్నాను. నా గదిలో ఎండు రొయ్యల బుట్టలు పెట్టావని అన్నయ్య చెప్పాడు, నేను వాటి పక్కనే పడుకుంటాను.

నాకేం తినాలనుంటుందో అడిగావు. శుక్రవారం రాత్రికి పాలబొంత పులుసు, అల్లం సన్నగా తరిగి, పొట్ట భాగం నాకు. శనివారం పొద్దున్న ఉప్పు ముల్లంగితో గంజి. చిలగడదుంప ఆకు వేపుడు రెండు పూటలా ఉన్నా సరే. ఆదివారం నీ జున్ను, ఆ కొత్త అల్లం పాకంతో.

గిన్నెలో నువ్వు వెయ్యొద్దు, గరిటె నా చేతికివ్వు. నా పక్కన కూర్చుని నువ్వు కూడా తిను.

జ్వాన్